పచ్చిపులుసులో కలిపిన గోలీలు

మా చెల్లెలు రమ మొగుడు మహేశ్ చెడ్డవాడేం కాదు. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను, ఎందుకంటే ఇదంతా చదివాక మీకు వాడి మీద మంట పుడుతుంది. నాకైతే ఇప్పటికీ చల్లారలేదు. వాడు, వీడు అని రాస్తున్నానని ఏమీ అనుకోకండి. మరిది వరస, చనువు ఉంది. పైగా నా నోరు చిన్నప్పటి నుంచీ ఇంతే.

నా పేరు ఇంద్రమ్మ. కోరుట్లలో అంగన్‌వాడీ టీచర్‌ని. చెల్లెల్ని సిరిసిల్లకు ఇచ్చాం. మహేశ్ వాళ్ల నాన్న శంకరయ్య చేతిమగ్గం నేసేవాడు. ఆ మగ్గం మూలన పడ్డాక కొడుకు మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. మీసం సరిగ్గా రాకముందే సాంచాల మధ్య నిలబడ్డవాడు, మధ్యలో కొన్నాళ్లు మహారాష్ట్రలోని భివండీ వెళ్లి అక్కడా నేసి, గాలి పడక తిరిగొచ్చి మళ్లీ అదే వీధిలో అదే పనికి ఎక్కాడు. నడుస్తున్న సాంచాలో పోగు తెగితే చప్పుడు మారడాన్ని బట్టే పట్టేసేవాడని తోటివాళ్లు చెప్పేవాళ్లు. రమ ఇంట్లో కండెలు చుట్టేది. ఒక్కతే బిడ్డ అనూష, జగిత్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది.

దసరాకు మా ఇంటికి వస్తే నాకు చీర తెచ్చేవాడు. తాను నేసిన రకం మాత్రం ఎప్పుడూ తేలేదు. అదేంది మరిదీ అంటే, నేను నేసిందాని సంగతి నాకు ఎర్కే గదా వదినె, గది నీకెందుకు అని నవ్వేవాడు. మా ఆయన దేవేందర్ బండి మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నప్పుడు, పని మానుకుని వచ్చి ఆస్పత్రిలో పక్కనే కూర్చున్నది మహేశే. సొంత తమ్ముళ్లు రాలేదు. అందుకే అంటున్నాను, చెడ్డవాడు కాదని.

సాంచాల మోతకు అలవాటు పడి ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడేవాడు. ఉప్పు తక్కువైందంటే వీధికి వినిపించేది. అట్లాంటి మనిషి ఒక్క సంగతి మాత్రం ఎవరికీ, పెళ్లానికి కూడా, నోరు విప్పి చెప్పలేదు.

ఆ సంగతి నాకు రమ చెప్పింది. ఇద్దరం కొండగట్టు అంజన్న దగ్గరికి వెళ్లినప్పుడు, దర్శనం అయ్యాక పులిహోర పొట్లం విప్పుకుని కూర్చున్నాం. అది తినకుండా ఏడుస్తోంది. వాడికి ఇంకో ఆడది ఉందేమో అక్కా అంది. ఎందుకట్లా అనుకుంటున్నావంటే అప్పుడు చెప్పింది. ఎన్నో నెలలుగా దగ్గరికి రావడం లేదట. ఒకటి రెండుసార్లు వచ్చినా చాతగాక లేచి వెళ్లి వాకిట్లో కూర్చున్నాడట. ఏమైందని అడిగితే ఉరిమి చూశాడట. ఇక అడగడం మానేసి, తప్పు తనలోనే ఉందేమోనని అద్దం చూసుకోవడం మొదలుపెట్టిందట నా పిచ్చి చెల్లెలు.

పుస్తకాల్లో దానికి అంగస్తంభన లోపం అని పేరుంది. మా దిక్కు దానికి పేరు లేదు. పేరు పెడితే ఎవరికో ఒకరికి ఉన్నట్టే కదా! మగవాళ్లు కల్లు మండువలో కూర్చుని దాని గురించి మాట్లాడినంతసేపు ఇంట్లో పిల్లల చదువుల గురించి కూడా మాట్లాడరని మా ఆయనే చెప్పాడు. ఒకడేమో సాంచాల వేడికి నరాలు చచ్చుబడతాయంటాడు. ఇంకొకడు కుర్రతనంలో చేసిన పాడు అలవాట్లకు ఇప్పుడు అనుభవించాల్సిందే అంటాడు. కల్లు చలవ, తాగితే తిరిగొస్తుందని మరొకడు. అందరూ పండితులే. ఇంత తెలిసినవాళ్లలో ఆ బాధ ఉన్నవాడు ఒక్కడూ లేడు, అది ఎప్పుడూ పక్క వాడకట్టులో ఎవడికో ఉంటుంది. వాడి పేరు చెప్పుకుని పగలబడి నవ్వుతారు. మహేశ్ కూడా వాళ్లతో పాటు నవ్వేవాడట.

నవ్వి, ఇంటికి రాకుండా బస్టాండు వైపు వెళ్లేవాడు. అక్కడి గోడల మీద, మూత్రశాలల్లో అంటించిన కాగితాలు మీరూ చూసే ఉంటారు. నరాల బలహీనత, గ్యారంటీ వైద్యం, ఫలానా లాడ్జిలో ప్రతి మంగళవారం కలవండి. ఆ లాడ్జి డాక్టరు మహేశ్ నాడి పట్టుకుని, యవ్వనంలో శక్తి అంతా పోగొట్టుకున్నావని చెప్పి, పాలల్లో కలుపుకోమని ఒక పొడి ఇచ్చాడు. రక్తం పరీక్ష లేదు, ఇంకే ప్రశ్నా లేదు. ఆ పొడిని వాడు కడుపునొప్పికని రమకు అబద్ధం చెప్పి తాగాడు. ఏమీ కాలేదు.

తరువాత చేనేత సంఘం హాలులో ఆరోగ్య శిబిరం పెడితే, అందరితో పాటు వరసలో నిలబడ్డాడు. రక్తంలో చక్కెర విపరీతంగా ఉంది. ఇన్నాళ్లూ దూప ఎక్కువై నీళ్లు తాగుతున్నా, రాత్రుళ్లు పదే పదే లేస్తున్నా కార్ఖానా వేడి అనుకున్నాడు. గోలీలు రాసిచ్చారు, రోజూ మింగాలన్నారు, పథ్యం చెప్పారు. ఇంకేమైనా బాధలున్నాయా అని అక్కడ అడిగారు కూడా. లేవన్నాడు. వెనక వరసలో దోస్తులున్నారు మరి.

కొద్ది రోజులు బుద్ధిగా మింగాడు. అంతలో మండువలో ఎవడో తేల్చి చెప్పాడట, షుగర్ గోలీలు మింగినవాడికి మొగతనం పోతుందని. ఇక చూడండి, మునిగేవాడికి కట్టె దొరికినట్టు పట్టుకున్నాడు ఆ మాటను. తన బాధకు కారణం ఇదే అనుకున్నాడు. గోలీలు మొదలుపెట్టడానికి ఏడాది ముందు నుంచే ఆ బాధ ఉంది కదరా దద్దమ్మా! ఆ సంగతి వాడికి తెలుసు, రమకు తెలుసు. తెలిసినా సరే, నింద మోయడానికి గోలీలు దొరికాయి. అవైతే ఎదురు చెప్పవు. మోరీలో పారేయడం మొదలుపెట్టాడు.

రమ అది చూసింది. మింగు అంటే, అవి మింగుకుంట కూసుంటే నేను మొగోన్నే గాకుంట పోత అన్నాడు. అరిచింది, ఏడ్చింది, బిడ్డ మీద ఒట్టు పెట్టింది. వినలేదు. మా నాన్న షుగర్ ముదిరి కళ్లు పోయి మంచంలోనే పోయాడు. అది చూసిన పిల్ల ఊరుకోలేకపోయింది. మందుల దుకాణంలో మళ్లీ అవే గోలీలు తెచ్చి, పిండి చేసి, వాడి వాటా కూరలో కలపడం మొదలుపెట్టింది. పొద్దున పచ్చిపులుసులో, రాత్రి పప్పులో. పులుపుకు చేదు తెలిసేది కాదు. వాడు అన్నం తిన్నాడా లేదా అని గిన్నె అడుగు చూసి మరీ కడిగేది.

నయం కనపడింది. దూప తగ్గింది, రాత్రి లేవడం తగ్గింది, ముఖంలో కళ వచ్చింది. మహేశ్ ఆ గొప్పంతా లాడ్జి డాక్టరు పొడికి ఇచ్చాడు. దోస్తుకని చెప్పి ఇంకో డబ్బా కూడా తెచ్చుకున్నాడట.

ఇక్కడ మీకు ఒక నమ్మకం గురించి చెప్పాలి. ఆడది మొగుడిని చెప్పుచేతల్లో పెట్టుకోవాలంటే, లేదా ఎందుకూ పనికిరాకుండా చేయాలంటే, తినే తిండిలో ఏదో కలుపుతుందని మా దిక్కు అనుకుంటారు. దాన్ని మందు పెట్టడం అంటారు. అది కడుపులో ముద్ద కట్టి ఉంటుందట. దాన్ని కక్కించే వైద్యులు వేరే ఉంటారు. ఇంట్లో మగవాడు చిక్కిపోయినా, అమ్మ మాట వినకపోయినా, మొదటి అనుమానం కోడలు వండిన కూర మీదికే పోతుంది.

ఒకరోజు పొద్దున రమ గోలీ నూరి పచ్చిపులుసులో కలుపుతుంటే అత్త రాజవ్వ చూసింది. తెల్లటి పొడి, కొడుకు గిన్నె, చాటుగా కలపడం. ముసలామె గుండె బాదుకుని వీధిలో పడింది. రమ గోలీల డబ్బా చూపించి ఏం చెప్పినా ఎవరు వింటారు? కార్ఖానా నుంచి మహేశ్ వచ్చాడు. వాడు ఆ డబ్బా చూశాడు. గుర్తుపట్టాడు. గుర్తుపట్టి కూడా నోరు మూసుకున్నాడు.

కులపంచాయితీ పెట్టారు. పెద్దమనిషి రామస్వామి. తెల్లని ధోవతి, మెత్తని మాట, ఎవరినీ తిట్టడు. కోరుట్ల నుంచి నేనూ మా ఆయనా వెళ్లాం. సంఘం హాలు నిండా మగవాళ్లు. ఆడవాళ్లం గోడ పక్కన నిలబడ్డాం.

రమ గోలీల అట్ట తీసి అందరికీ చూపించింది. దవాఖానలో రాసిచ్చినవే, కావాలంటే ఎవరినైనా అడగండి అంది. రామస్వామి ఆ అట్ట అటూ ఇటూ తిప్పి చూసి, "దవాఖాన గోలీలైతే దాసిపెట్టి ఏసుడెందుకు బిడ్డా? మొగనికి చెప్పి ఇయ్యాలె గదా" అన్నాడు.

"ఇచ్చిన మామా. బంద్ జేసిండు. ఎందుకు బంద్ జేసిండో గాయ్ననే అడుగుండ్రి" అంది రమ.

హాలులో అందరూ మహేశ్ వైపు తిరిగారు. ఒక్క మాట చాలు ఆ రోజు. మొగతనం పోతుందని భయపడి మానేశాను అంటే చాలు, నా చెల్లెలు తల ఎత్తుకుని ఇంటికి పోయేది. వాడు నేల చూశాడు. మెడ మీద చెమట కారుతోంది. నేను లోపల అంజన్నకు మొక్కుకుంటున్నాను, వీడి నోట ఆ మాట రానీ అని.

"నాకేం ఎర్కలేదు. నాకు తెల్వకుంట పెట్టింది. గంతే" అన్నాడు.

నేను ముందుకు వెళ్లబోయాను. చెప్పేద్దామనే. రమ నా జబ్బ పట్టుకుని గోళ్లు దిగేలా గిచ్చింది. పెళ్లీడుకొచ్చిన బిడ్డ ఉందక్కా, రేపు దాని ముందు వాళ్ల నాన్న పరువు ఏం కాను అని చెవిలో అంది. అప్పటికీ వాడి పరువే దాని బెంగ. నిందేమో తన మీద. నేను మళ్లీ గోడ పక్కకే వచ్చాను.

తీర్పు మెత్తగానే చెప్పాడు రామస్వామి. మందు కక్కేదాకా మహేశ్ రమ చేతి కూడు తినకూడదు, రమ కొన్నాళ్లు అక్క దగ్గర ఉండాలి. నా చెల్లెలు ఒక సంచీతో కోరుట్ల బస్సెక్కింది. మా వాడకట్టులో ఆ కబురు మాకంటే ముందే దిగింది. పక్కింటి సత్యవ్వ మా ఇంట్లో చాయ్ తాగడం మానేసింది.

మహేశ్‌ను రాజవ్వ కోనరావుపేట దిక్కు ఒక ఊరికి తీసుకెళ్లింది. అక్కడి వైద్యుడు ఏదో పసరు తాగించి కక్కించాడు. కక్కినదాంట్లో నల్లటి ముద్ద చూపించి, ఇదే మీ కోడలు పెట్టింది అన్నాడు. రాజవ్వ దండం పెట్టింది. మహేశ్ ఆ సాయంత్రం దోస్తులకు కల్లు పోయించాడు. గోలీల పీడా లేదు, పథ్యం చెప్పే పెళ్లామూ లేదు. అన్నీ తిన్నాడు, తాగాడు.

ఒకరోజు సాంచా కింద ఇనుప అంచు తగిలి వాడి ఎడమ పాదం చర్మం తెగింది. తెగిన సంగతి వాడికి తెలియలేదు. అప్పటికే పాదాలకు స్పర్శ పోయింది. సాంచాల కింద రక్తం చూసి పక్కవాడు చెప్తే అప్పుడు చూసుకున్నాడు. రాజవ్వ పసుపు పెట్టి గుడ్డ కట్టింది. పుండు నల్లబడి వాసన వచ్చేదాకా మాకు ఎవరూ చెప్పలేదు.

కబురు తెలిసి, ఎవరూ పిలవకుండానే రమ వెళ్లింది. నీకు సిగ్గు లేదా అని నేను తిట్టాను. తిట్టి నేనూ వెంట వెళ్లాను. జగిత్యాల ఆస్పత్రిలో చేర్పించాం. మోకాలి కింద కాలు తీసేశారు.

నాలుగైదు రోజులకు డాక్టరు మంచం పక్కన కూర్చున్నాడు. కుర్రవాడు, ఓపిక గలవాడు. దూప గురించి, తిమ్మిర్ల గురించి అడిగి, సంసారం ఎట్లా ఉంది అని కూడా అడిగాడు, జ్వరం ఉందా అన్నంత మామూలుగా. మహేశ్ గోడ వైపు చూశాడు. డాక్టరు మళ్లీ అడిగాడు, ఆ బాధ గోలీలకు ముందా, తర్వాతా అని.

"ముందే సార్. ఏడాది ముందుగాల్నే" అన్నాడు, వినీ వినపడకుండా.

నేనూ రమా అక్కడే ఉన్నాం. డాక్టరు వివరంగా చెప్పాడు. చక్కెర సన్న రక్తనాళాలనూ నరాలనూ దెబ్బతీస్తుంది, అది చాలామంది మగవాళ్లకు ముందుగా పడక దగ్గరే తెలుస్తుంది. అది మొగతనానికి సంబంధించింది కాదు, షుగర్ చేసిన చప్పుడు. షుగర్ అదుపులో ఉంటే, వేరే మందులూ వాడితే చాలామందికి నయమవుతుంది. గోలీల వల్ల రాదు, గోలీలు మానితే వస్తుంది. అప్పుడే వచ్చి ఈ మాట చెప్పి ఉంటే కాలు మిగిలేదేమో అన్నాడు. మహేశ్ అన్నీ విన్నాడు. అర్థమైందా అంటే తల ఊపాడు. పోనీలే, కాలు పోయినా కళ్లు తెరుచుకున్నాయి అనుకున్నాను నేను. ఎంత పిచ్చిదాన్ని!

సిరిసిల్ల ఇంటికి తీసుకొచ్చాం. రమ మళ్లీ వండింది, పుండు కడిగింది, గోలీ చేతిలో పెట్టి మింగేదాకా నిలబడింది. నేను సాయానికి ఉన్నాను. ఒక మధ్యాహ్నం రామస్వామి, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు పరామర్శకు వచ్చారు. షుగర్ మనిషికి అరటిపండ్లు, బిస్కెట్లు తెచ్చారు. కుర్చీలేశాం. ఎట్లయింది మహేశూ అని అడిగాడు రామస్వామి. నేను తలుపు దగ్గరే ఉన్నాను. మహేశ్ నన్ను చూశాడు, చూసి కూడా చెప్పాడు.

"మందు కాలుకు దిగిందట మామా. కక్కినంక గూడ లోపట ఇంత మిగిలిందట."

అబ్బా, ఆ క్షణంలో వాడి గొంతు పిసకాలనిపించింది. డాక్టరు చెప్పింది విన్నాడు. తన నోటితోనే ముందే అని చెప్పాడు. కాలు ఇచ్చుకున్నాడు గానీ ఆ ఒక్క నిజం ఇవ్వలేదు. దానికి బదులు తన పుండు కడిగే మనిషిని మళ్లీ బలి ఇచ్చాడు.

వంటింట్లోంచి రమ వచ్చింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ మంచం దగ్గర నిలబడింది. ఈసారి నా వైపు చూడలేదు.

"మందు లేదు, ఏం లేదు మామా. ఆయనకు షుగర్. షుగర్ తోని పడకల చాతగాకుంట అయిండు. గోలీలు ఏసుకునుడు కంటే ఏడాది ముందుగాల్నే. డాక్టర్ ముందట గాయ్ననే ఒప్పుకుండు. గా భయానికే గోలీలు బంద్ జేసిండు. నేను పొడి జేసి పెట్టింది గందుకే."

ఒకాయన ఫోను తీసి చూసుకున్నాడు, మోగలేదు అది. రాజవ్వ లోపలి నుంచి, మొగని మానం బజార్ల పెట్టినవ్ గదనే అని శోకం అందుకుంది. పెద్దమనుషులు లేచి, పైలం మహేశూ అని చెప్పి చెప్పులేసుకున్నారు. ఆ రోజు హాలులో చెప్పిన తీర్పు తప్పని ఒక్కడి నోట రాలేదు.

వాళ్లు గేటు దాటాక మహేశ్ అన్నాడు, "కాలు కోసిన్నాడు గూడ గింత నొయ్యలే నాకు. నువ్వే నన్ను సంపినవ్."

నిన్ను బతికించుకుందామనే ఇదంతా చేసిన, ఇగ నాతోని కాదు అని, రమ నిదానంగానే అంది. అది వినగానే నేను సంచీ సర్దడానికి లేచాను. గిన్నెలున్నాయి, కడిగి పోదామంది. ఇద్దరం వాకిట్లో నల్లా దగ్గర కూర్చున్నాం.

కాసేపటికి రామస్వామి ఒక్కడే తిరిగి వచ్చాడు. గేటు బయటే నిలబడి, వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"గా జగిత్యాల డాక్టర్ ఏడ కూసుంటడు బిడ్డా? మా బామ్మర్దికి కావాలెనట."

రామస్వామికి బామ్మర్దులు లేరు. అత్తగారింట్లో అందరూ ఆడపిల్లలే, అది సిరిసిల్లలో తెలియనివాళ్లు లేరు. నా నోటికి పని దొరికిందనుకున్నాను. రమ సబ్బు చేత్తోనే నన్ను ఆపింది.

"నీకైతే చెప్త మామా. నాకే అని ఒక్క మాట అను. డాక్టర్ తానకు నేనే తోలుకపోత."

ఆయన పెదవులు కదిలాయి. నాకు కనిపించింది, నిజంగానే అనబోయాడు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు మగవాళ్లు వచ్చి కూర్చున్నారు. రామస్వామి వాళ్లను చూశాడు, కండువా భుజం మీదికి లాక్కున్నాడు.

"నాకెందుకు బిడ్డా? మా బామ్మర్దికే" అని కొంచెం గట్టిగా, వాళ్లకు వినపడేలా అని, డాక్టరు పేరు తెలుసుకోకుండానే వెళ్లిపోయాడు.